పాతగుడిని నిలిపినవాడు: గులాం యాజ్దానీ

పాతగుడిని పడగొట్టి క్రొత్తగుడి కట్టించినవానికి మన గ్రామములందు పుణ్యాత్ముడను పేరు వచ్చును. పాతగుడిని పాతగుడిగనే నిలిపినవాని పేరు ఎవ్వరికిని దెలియదు. ఫలకముపై జెక్కించుకొనుటకు వాడు క్రొత్తగ జేసినదేమియు గనబడదు గదా! మా తిరువూరు ప్రాంతమునందు జరుగు జీర్ణోద్ధరణములను జూచినపుడెల్ల మాకీ మాట తోచుచుండును. నల్లరాతి స్తంభములకు నూనెరంగులు పూయుచున్నారు. శాసనములపై సిమెంటు మెత్తుచున్నారు. ద్వారబంధముల లతలపై పింగాణీ పలకలు అంటించుచున్నారు. ఇదియంతయు భక్తితోడనే జరుగుచున్నది. కావుననే దీనిని వారించుట కష్టము. ఈ సందర్భమున మన పొలిమేర కావల ఇరువదితొమ్మిదేండ్లు పాతరాళ్లకు సేవచేసిన యొక పండితుని చరిత్రమును పాఠకులకు జ్ఞప్తి చేయుట యుక్తమని తలంచుచున్నాము.

గులాం యాజ్దానీ 1885వ సంవత్సరమున ఢిల్లీ నగరమున జన్మించెను. అరబ్బీ పారసీక భాషలయందు గట్టి పాండిత్యము సంపాదించి, కొంతకాలము కళాశాలలయందు అధ్యాపకుడుగా నుండెను. 1914లో నైజాము ప్రభుత్వము హైదరాబాదున పురావస్తుశాఖను నెలకొల్పినపుడు దాని భారము ఆయనపై బడెను. అప్పటికాయనకు ముప్పదియేండ్లైనను నిండలేదు. అజంత, ఎల్లోరా గుహలు, బీదరు కోట, గోలకొండ, ఓరుగల్లు, పాలంపేట, ఇన్ని నిధులు ఆ యొక్క సంస్థానమునందే యుండెను. వానిలో ననేకము చెట్లు మొలచి, వాననీరు దిగి, గబ్బిలములకు నెలవులై యుండెను.

నైజాము కొలువులో నున్నవానిని దేశభక్తులేల స్మరింపవలయునని కొందఱడుగవచ్చును. తిరువూరు తాలూకా ఉత్తరపు హద్దు దాటిన నాడు నైజాము రాజ్యమే. అచ్చటి వెట్టిచాకిరియు, బడులలో తెలుగునకు గలిగిన దుర్గతియు మన పెద్దలెఱుగనివి కావు. ఆ పాలనను మేము పొగడము. అయినను రాజ్యమును గూర్చిన తీర్పు వేఱు, పనివానిని గూర్చిన తీర్పు వేఱు. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటయందు కట్టించిన రామప్పగుడిని గూర్చి ఈ మహమ్మదీయ పండితుడు చిత్రపటములతో వ్రాసిన గ్రంథము, 1922లో భారత పురావస్తుశాఖ గ్రంథమాలయందు వెలువడెను. అచ్చటి శాసనము ఆయన నడపిన హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలోనే ప్రకటితమయ్యెను. అశోకుని పేరు స్పష్టముగా జూపిన మస్కి శాసనము 1915లో ఆ మాలయందే తొలి కుసుమముగా వెలసెను. తెలంగాణ మండలముల శాసనములకు సంపుటములు వచ్చుటయు నా మాలవలననే. తెలుగును పాఠశాలనుండి వెడలనడచిన రాజ్యమునందే తెలుగు శాసనములకు రక్ష లభించుట విచిత్రము. ఆ రక్షయందు ఈయనకు గల భాగమును మఱచుట కృతఘ్నత యగును.

ఆయన కాలమునందు సంరక్షణశాస్త్రమునకు ఒక నియమమేర్పడెను. భారత పురావస్తుశాఖాధిపతి జాన్ మార్షల్ 1923లో ప్రకటించిన నిబంధన గ్రంథమునకు ఆ నియమమే ప్రాణము. ఉన్నదానిని నిలుపవలెనేగాని, లేనిదానిని కల్పింపరాదు. ఒరగిన గోడకు ఊత నీయవచ్చును. పగులులో సున్నము నింపవచ్చును. నీరు పోవుటకు దారి చేయవచ్చును. రాళ్లసందుల వేళ్లను బెఱుకవచ్చును. విఱిగిన విగ్రహమునకు క్రొత్త ముక్కు తగిలించుట మాత్రము సంరక్షణము గాదు.

ఈ నియమము నెఱిగినవారును పొరబడుదురనుటకు అజంతయే సాక్షి. అచ్చట కొండరాతిపై మట్టిపూత, దానిపై పలుచని తెల్లపూత, ఆపై వర్ణములు. మట్టిపూత రాతిని విడిచి పెచ్చులూడుచుండెను. యాజ్దానీ పర్యవేక్షణమున నైజాము ప్రభుత్వము ఇటలీ దేశమునుండి లొరెంజో చెక్కోనీ యను నిపుణుని, ఓర్సీనీ యను సహాయకుని రప్పించెను. 1920 మొదలు 1922 వఱకు వారు పనిచేసిరి. ఊడిన పూతను తిరిగి రాతికంటించిరి; పెచ్చుల యంచులను గట్టిపఱచిరి. ఎన్నియో చిత్రములు నేడును నిలిచియుండుట ఆ సేవాఫలమే. కాని పిదప వర్ణముల రక్షణకై లక్కతో జేసిన వార్నీషు పూసిరి. కాలక్రమమున ఆ లక్క పసుపువాఱి, నల్లబడి, ముఖములను మఱుగుపఱచెను. దానిని మెల్లమెల్లగా దొలగించుట తరువాతి తరముల రసాయనజ్ఞులకు దీర్ఘకాలపు పనియయ్యెను.

ఈ లోపమును మేము దాచము. చేసినవారు అజ్ఞానులు గారు, అశ్రద్ధపరులు గారు. నాటి యూరపు ఖండమునందు పేరుగన్న పనివారు. నేటి నిపుణులు దీనివలన నేర్చిన పాఠ మొక్కటే: తిరిగి తీసివేయుటకు వీలులేని మందును పాతవస్తువునకు వేయరాదు. లక్క ద్రావకములలో గరగును గనుక ఓర్పుతో దీయగలిగిరి. మన గుడుల సిమెంటో! అది సున్నముకంటె గట్టియై, లోనితేమను వెలికి రానీయక, లవణములను రాతిలోనే నిలిపి, రాతిని పొరలు పొరలుగా రాల్చును. దానిని బెఱుకబోయినచో రాయియు వెంట వచ్చును. మన పూర్వులు వాడిన గానుగ సున్నము మెత్తనిది. గోడతో గూడ శ్వాసించును. చెడినచో దానినే మార్చవచ్చును. రంగులు గీకుటకు ఇసుకను యంత్రముతో జిమ్మువారు, రంగుతో గూడ శిల్పి ఉలిగీతనుగూడ గీకివేయుచున్నారు.

యాజ్దానీ చేసిన మఱియొక పని ఆయన లోపమునకు గూడ బరిహారమని మా యభిప్రాయము. అజంత చిత్రములను రంగుల ఛాయాపటములతో నాలుగు భాగములుగా 1930 మొదలు 1955 వఱకు ఆయన ప్రకటించెను. ఏ చిత్రము ఏ కాలమున నెట్లుండెనో సరిచూచుకొనుటకు తరువాతివారికి ఆ గ్రంథము ఆధారమయ్యెను. 1943లో ఉద్యోగమును విడిచినను ఆయన పని విడువలేదు. బీదరు కట్టడముల చరిత్రము 1947లోను, ఆయన సంపాదకత్వమున దక్కన్ ప్రాచీన చరిత్రము 1960లోను వెలువడెను. 1959లో స్వతంత్ర భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. 1962లో ఆయన పరమపదించెను. పాలంపేట గుడి 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినపుడు పండుగ జేసికొన్నవారిలో నీ పేరు దలచినవారెందఱో మే మెఱుగము.

ప్రతి గ్రామమునకు పురావస్తుశాఖ రాజాలదు. కాని ధర్మకర్తలు చేయగల పనులు గలవు. పని మొదలిడకముందు నలువైపుల ఛాయాపటములు తీయింపుడు. కొలతలు వ్రాయింపుడు. శాసనమున్నచో, తడికాగితముపై అచ్చు తీయగల నిపుణులకు దెలుపుడు. సిమెంటు బస్తా విప్పకముందు గానుగ సున్నము నెఱిగిన మేస్త్రీని వెదకుడు. రంగుల డబ్బాలకై యుంచిన ధనముతో పైకప్పు నీటికారును మాన్పుడు. ఇంతమాత్రము చేసిన ధర్మకర్త పేరు ఏ ఫలకముపైనను ఉండకపోవచ్చును. అతని మనుమడు మాత్రము తన తాత జూచిన గుడినే చూడగలుగును.