ఇరవై నాలుగు అంకెల సంఖ్య, పది సెంట్ల బహుమతి

భారతీయ గణితం అనగానే అందరికీ రామానుజన్ గుర్తుకొస్తారు. అదే సంఖ్యల లోకంలో పేరు నిలుపుకున్న తెలుగువాడు, మతుకుమల్లి వి. సుబ్బారావు గారి గురించి మనలో ఎంతమందికి తెలుసు?

సుబ్బారావు గారు 1921 మే 4న, అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో 1941లో మాస్టర్స్ పూర్తి చేసి, తర్వాత వైద్యనాథస్వామి గారి దగ్గర డాక్టరేట్ చేశారు. డాక్టరేట్ ఫంక్షనల్ అనాలిసిస్‌లో. పేరు తెచ్చింది మాత్రం నంబర్ థియరీ. ప్రెసిడెన్సీ కాలేజీలోను, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను పాఠాలు చెప్పాక అమెరికా వచ్చి, మిస్సోరీ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1963లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో చేరి అక్కడే స్థిరపడ్డారు. మనలో చాలామంది పాతికేళ్ళ లోపే విమానం ఎక్కినవాళ్ళం. ఆయన నలభై దాటాక కొత్త చోట మొదలుపెట్టారు. ఆయన పేరు నిలబెట్టిన పనులు ఆ తర్వాతివే.

అందులో ఒకటి చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. 60ని 4, 15గా విడగొట్టండి. ఈ రెంటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. కాబట్టి రెండూ 60కి 'యూనిటరీ' కారణాంకాలు. 6, 10గా విడగొడితే రెంటిలోనూ 2 ఉంది, కనుక అవి పనికిరావు. 60ని వదిలేస్తే మిగిలే యూనిటరీ కారణాంకాలు 1, 3, 4, 5, 12, 15, 20. కూడితే మళ్ళీ 60! ఇదే యూనిటరీ పర్‌ఫెక్ట్ నంబర్. 1966లో సుబ్బారావు గారు, వారెన్ కలిసి రాసిన పేపర్లో ఇలాంటివి నాలుగు చూపించారు: 6, 60, 90, 87360. బేసి సంఖ్యల్లో ఇలాంటిది ఉండదని నిరూపించారు.

అయిదోదాన్ని చార్లెస్ వాల్ కనిపెట్టి, 1975లో వివరంగా ప్రచురించారు. అది 146361946186458562560000. మన ప్రోగ్రాముల్లో రోజూ వాడే 64 బిట్ల పూర్ణాంకంలో ఇది పట్టదు. అయినా 2ను పద్దెనిమిదిసార్లు, 5ను నాలుగుసార్లు, 3, 7, 11, 13, 19, 37, 79, 109, 157, 313లను ఒక్కొక్కసారి గుణిస్తే వచ్చేస్తుంది. ఆరోది ఇంతవరకూ దొరకలేదు.

ఇలాంటివి అనంతంగా ఉన్నాయా, కొన్నేనా? ఇది తేల్చినవారికి కార్లిట్జ్, ఎర్డిష్, సుబ్బారావు గార్లు కలిసి పది డాలర్ల బహుమతి ప్రకటించారు. కొత్త సంఖ్య చూపించినవారికి, ఒక్కొక్కదానికి పది సెంట్లు తానిస్తానన్నారు సుబ్బారావు గారు. కొన్నే ఉంటాయన్నది ఆయన ఊహ.

2006 ఫిబ్రవరి 15న ఎడ్మంటన్‌లో ఆయన కన్నుమూశారు. పార్టిషన్ల మీద ఆయన చేసిన మరో ఊహను 2012లో సిల్వియు రాడు నిరూపించారు. అది చూడటానికి ఆయన లేరు. యూనిటరీ సంఖ్యల ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఈ వారాంతం మీ పిల్లలకు 90 ఇచ్చి, యూనిటరీ కారణాంకాలు కూడమనండి. యాజలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న అని కూడా చెప్పండి.