నాదానికి కొలత నేర్పిన వైద్యుడు హెల్మ్‌హోల్ట్జ్

ఖాళీ సీసా మూతి అంచున గాలి ఊదితే ఒక స్వరం పలుకుతుంది. సీసాలో నీరు పోసిన కొద్దీ ఆ స్వరం శ్రుతి పెరుగుతుంది. పిల్లల ఆటగా కనిపించే ఈ విషయాన్ని లెక్కకు, కొలతకు అందేలా చేసిన శాస్త్రవేత్త హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఆయన 1821 ఆగస్టు 31న నాటి ప్రష్యా రాజ్యంలోని పోట్స్‌డామ్‌లో జన్మించారు. తండ్రి పాఠశాల ఉపాధ్యాయుడు. కుమారుడికి భౌతికశాస్త్రంపై మక్కువ ఉన్నా, ఆ చదువు చెప్పించే స్తోమత కుటుంబానికి లేదు. సైన్యంలో వైద్యుడిగా పనిచేయాలన్న షరతుపై ప్రభుత్వం ఉచితంగా నేర్పే వైద్యవిద్యలో ఆయన చేరారు. ఇష్టం లేకుండా పట్టిన ఆ దారే ఆయనను మానవ శరీరంలోని భౌతికశాస్త్రం వైపు నడిపించింది. సైనిక వైద్యుడిగా ఉండగానే 1847లో శక్తి నిత్యత్వంపై ప్రసిద్ధ వ్యాసం ప్రకటించారు. 1851లో కంటి లోపలి పొరను పరీక్షించే ఆఫ్తాల్మోస్కోపును వైద్యలోకానికి అందించారు.

తరువాత ఆయన దృష్టి చెవిపైకి మళ్ళింది. వాద్యం పలికే ఒక్కో స్వరంలో అనేక అతిస్వరాలు కలిసి ఉంటాయి. వాటిని విడదీయడానికి ఆయన బోలు గోళాలను వాడారు. గోళానికి ఒకవైపు ధ్వని ప్రవేశించే రంధ్రం, రెండోవైపు చెవిలో అమరే సన్నని కొస ఉంటాయి. లోపలి గాలి స్ప్రింగులా, రంధ్రం వద్ద ఉన్న గాలి దానికి కట్టిన బరువులా పనిచేస్తాయి. గోళం పెద్దదైతే అనునాద పౌనఃపున్యం తగ్గుతుంది. రంధ్రం వెడల్పైతే పెరుగుతుంది. తన పౌనఃపున్యానికి సరిపడే స్వరం సంగీతంలో ఉన్నప్పుడే గోళం గట్టిగా మోగుతుంది. అలా ఏ నాదంలో ఏ అతిస్వరాలున్నాయో గుర్తించడం సాధ్యమైంది.

అయితే పౌనఃపున్యం ఒక్కటే చాలదు, కంపనాల శక్తి ఎంత త్వరగా శోషణకు గురవుతుందో కూడా తెలియాలి. శోషణ తక్కువైతే కుహరం ఒక్క స్వరానికే స్పందించి ఎక్కువసేపు మోగుతుంది. ఎక్కువైతే మోత త్వరగా ఆగిపోతుంది, కానీ పక్క స్వరాలకూ స్పందిస్తుంది. హెల్మ్‌హోల్ట్జ్ ఈ సూత్రాన్నే చెవికి అన్వయించారు. రెండు స్వరాలను సెకనుకు పది చొప్పున మార్చి మార్చి పలికిస్తే, మంద్రస్థాయిలో అవి కలగాపులగమవుతాయని గమనించారు. దాని ఆధారంగా చెవి లోపలి కంపనాలు ఎంత త్వరగా అణగుతాయో అంచనా కట్టారు. హైడెల్‌బర్గ్‌లో ఆచార్యుడిగా ఉంటూ ఈ పరిశోధనల సారాన్ని 1863లో గ్రంథంగా వెలువరించారు.

విశాఖపట్నంలో బాల్యం గడిపిన సర్ సి.వి.రామన్, తనను ప్రభావితం చేసిన మూడు పుస్తకాల్లో ఆ గ్రంథాన్ని ఒకటిగా పేర్కొన్నారు.

1871లో హెల్మ్‌హోల్ట్జ్ ఎట్టకేలకు బెర్లిన్‌లో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు. రేడియో తరంగాల ఉనికిని నిరూపించిన హైన్‌రిచ్ హెర్ట్జ్ ఆయన శిష్యుడే. 1894 తొలి రోజున ఆ శిష్యుడు పిన్న వయసులోనే కన్నుమూయగా, అదే ఏడాది సెప్టెంబరు 8న గురువు కూడా తుదిశ్వాస విడిచారు.

నేటికీ స్టూడియోలలో, సభామందిరాలలో గోడలకు చిన్న రంధ్రాల పలకలు అమర్చి, వెనుక గాలికి ఖాళీ వదులుతారు. అనవసరమైన మోతను పీల్చుకునే ఆ అమరిక వెనుక ఉన్నది హెల్మ్‌హోల్ట్జ్ సూత్రమే. శ్రోతకు మాట స్పష్టంగా చేరడంలో, చదువు కోసం సైనిక వైద్యుడైన ఆ పేద ఉపాధ్యాయుని కుమారుడి పాత్ర కూడా ఉంది.