వెంగమాంబ ఎక్కడ కూర్చుని రాసింది?

నేను కథలు రాసేది వంటింటి గట్టు మీదే. కుక్కరు మూడో కూత వేసేలోగా ఒక పేరా అయితే అయినట్టు, లేకపోతే ఆ పూటకి లేనట్టే. పాలు పొంగి ఆగిపోయిన కథలు నా దగ్గర చాలానే ఉన్నాయి. మీలో రాసుకునే అలవాటున్న వాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు కదూ!

మొన్న తిరుమల వెళ్ళినప్పుడు దర్శనం అయ్యాక తరిగొండ వెంగమాంబ బృందావనం దగ్గర కాసేపు కూర్చున్నాం. ఆమె భక్తి గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం వేరే సందేహం పట్టుకుంది. ఇన్ని గ్రంథాలు రాసిందే, ఈ మహాతల్లి అసలు ఎక్కడ కూర్చుని రాసిందబ్బా? చిన్నప్పటినుంచి విన్న కథనే ఇంటికొచ్చి మళ్ళీ ఆ దృష్టితో చదువుకున్నాను.

సుమారు 1730లో, పాత చిత్తూరు జిల్లా గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టింది వెంగమాంబ. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. ఊహ తెలియని వయసులో పెళ్ళయింది, చిన్నతనంలోనే భర్త పోయాడు. జుట్టు తీయించుకోనంది. బొట్టు చెరపనంది. ఏడుకొండలవాడే తన భర్త అంది. ఆ రోజుల్లో ఆ మాటకి ఊరు ఊరుకుంటుందా? మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర ఉపదేశం పొంది, యోగసాధన మొదలుపెట్టింది. తరిగొండలో ఉండగానే నృసింహ శతకం, శివనాటకం, బాలకృష్ణ నాటకం లాంటివి రాసేసింది.

ఆ రాత ఎలాంటిదో ఒక్కసారి ఊహించుకోండి. ఎడమచేత్తో తాటాకు పట్టుకుని కుడిచేతి ఘంటంతో గీరాలి. ఆపైన మసి పూస్తేగానీ అక్షరం కంటికి ఆనదు. చెయ్యి జారితే ఆకు పాడవుతుంది. వెలుతురు కావాలి, వీపుకి ఆసరా కావాలి, అన్నింటికన్నా ముందు ఎవరూ పిలవని ఘడియ కావాలి. నిండు సంసారంలో, అందులోనూ భర్తపోయిన ఆడపిల్లకి, ఆ ఘడియ ఎవరిస్తారు?

అందుకేనేమో, ఊళ్ళోని నృసింహస్వామి గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనక చోటు చూసుకుంది. ఎవరి కంటా పడకుండా అక్కడ ధ్యానంలో కూర్చునేదట. పూజారి ఒకరోజు చూసి, జుట్టు పట్టి బయటికి ఈడ్చాడని చెబుతారు. అంత గుళ్ళో ఒక విగ్రహం వెనక మూల కూడా ఆమెది కాకుండా పోయింది!

ఊరు విడిచి తిరుమల చేరింది. అక్కడ హథీరాంజీ మఠంవారు ఆదరించి, ఉండటానికి ఇల్లు చూపించారంటారు. హమ్మయ్య అనుకుంటాం మనం. కానీ ఇల్లుంటే చాలా? పొరుగింటివారు ఎంగిలి విస్తళ్ళు ఆమె వాకిట్లో వేయించేవారని కథ. చెప్పిచూసిందట, లాభం లేకపోయింది. పైన కప్పుంది, చుట్టూ గోడలున్నాయి, మనశ్శాంతి మాత్రం లేదు.

అప్పుడామె తుంబురుకోనకి వెళ్ళిపోయింది. పాపవినాశనం దాటి శేషాచలం అడవిలో రాళ్ళూ వాగులూ తొక్కుకుంటూ నడవాలి. ఇప్పటికీ ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి జనం గుంపులుగా వెళ్ళి, సాయంత్రానికి అలిసిపోయి వస్తారు. అలాంటి చోట ఒంటరి ఆడమనిషి ఏళ్ళ తరబడి గుహలో సాధన చేసింది. మనుషుల మధ్య దొరకని నెమ్మది ఆమెకి మృగాలు తిరిగే కోనలో దొరికిందంటే నాకు ఆశ్చర్యం కంటే బాధే ఎక్కువ కలిగింది.

తిరిగి కొండమీదికి వచ్చాక ఆమెను చూసే చూపు మారింది. గౌరవంగా చోటిచ్చారు. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, యక్షగానాలు... తిరుమల జీవితంలో రాసినవి ఇవన్నీ. రాత్రి ఏకాంత సేవలో స్వామికి తాళ్ళపాకవారి లాలి అయ్యాక తరిగొండవారి ముత్యాల హారతి ఇవ్వడం ఆనవాయితీ అయింది. గుడి మూలనుంచి గెంటించుకున్న మనిషికి గర్భగుడి ముందు చోటు దొరికింది! 1817లో కొండమీదే కన్నుమూసింది.

1920లలో అమెరికాలో షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో, దీపాల వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని పరీక్షలు చేశారు. వెలుతురుకీ పనికీ సూటి లెక్క కుదరలేదు. 1927 నుంచి కొందరు ఆడపిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టి, నడుమ విశ్రాంతినిచ్చి, వాళ్ళ అభిప్రాయాలు అడుగుతూ చేయిస్తే పని పెరిగింది. ఎందుకు పెరిగిందన్నదాని మీద ఇప్పటికీ వాదాలున్నాయి. నాకు అర్థమైంది మాత్రం ఇదీ: బల్లా కుర్చీ ఎంత ముఖ్యమో, అక్కడ కూర్చున్న మనిషికి దక్కే మర్యాదా అంతే ముఖ్యం.

మా ఆడపడుచు ఒక ఆఫీసులో పనిచేస్తుంది. చాలా ఏళ్ళు ఆమె సీటు గాలి రాని నడవా పక్కన, అందరూ వచ్చిపోయే దారిలో ఉండేది. సాయంత్రానికి తలనొప్పితో ఇల్లు చేరేది. కిటికీ పక్కకి మార్చమని అడగడానికే మొహమాటపడింది. మార్చాక, లెక్కల్లో తప్పులు తగ్గాయి వదినా అని సంబరంగా చెప్పింది. సీటు అడగడం గొంతెమ్మ కోరికేం కాదని అప్పుడే తెలిసిందట.

కొండమీద వెంగమాంబ పేరుతో 2011లో పెద్ద అన్నప్రసాద భవనం తెరిచారు. అందులో ఒక్కో హాల్లో వెయ్యిమంది దాకా కూర్చుని తినొచ్చు. కూర్చోవడానికి చోటు వెతుక్కున్న తల్లి పేరు మీద అన్ని వేలమందికి చోటు!

ఇంటికొచ్చాక నేనూ ఒక పని చేశాను. పిల్లాడి పాత మడత బల్ల వరండా కిటికీ కింద వేయించుకున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా నన్ను పిలవొద్దని అందరికీ చెప్పాను. మొదటిరోజే మావారు వచ్చి జీలకర్ర డబ్బా ఎక్కడని అడిగారు. తుంబురుకోనకి పోతానన్నాను. నవ్వుకుంటూ వెళ్ళి ఆయనే వెతుక్కున్నారు.

ఇదంతా ఆ బల్ల మీదే రాశాను.