నగర వైద్యుడు ప్యాట్రిక్ గెడ్డీస్

రోగిని పరీక్షింపక ఏ వైద్యుడును శస్త్రము చేతబట్టడు. నగరములకు చికిత్స చేయువారికిని ఈ నియమము వర్తించునని చాటిన మహనీయుడు ప్యాట్రిక్ గెడ్డీస్.

ఆయన 1854వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించి, జీవశాస్త్రమును అభ్యసించెను. మెక్సికో దేశమున పరిశోధన చేయుచుండగా ఆయనకు కొంతకాలము చూపు పోయెను. పిమ్మట చూపు వచ్చినను సూక్ష్మదర్శినితో పనిచేయుట కష్టమయ్యెను. అంతట ఆయన దృష్టి మానవులు నివసించు ఊళ్లపైకి మరలెను. ఎడింబరో నగరమున శిథిలమైన పాతపేటలో భార్యతో కాపురముండి, ఇరుగుపొరుగువారితో కలిసి ఇండ్లను బాగుచేసి, సందులలో తోటలు పెంచెను.

1914లో గెడ్డీస్ మన దేశమునకు వచ్చెను. ఆయన ప్రదర్శన పటములను తెచ్చుచున్న ఓడను ఎండెన్ అను జర్మను యుద్ధనౌక ముంచివేసెను. ఆయన అధైర్యపడక, మిత్రుల సాయముతో మరల పటములు కూర్చి, 1915 జనవరిలో మద్రాసున ప్రదర్శన జరిపెను.

ఆనాటి అధికారులు పటముపై తిన్నని గీత గీచి, దానిలోబడిన ఇండ్లను కూల్చి, వెడల్పైన బాటలు వేయనెంచెడివారు. ఇల్లు పోయిన పేదలు వేరొకచోట మరింత ఇరుకున తలదాచుకొనెడివారు. గెడ్డీస్ ఈ పద్ధతిని నిరసించెను. ప్రతి సందును కాలినడకన తిరిగి చూచెను. పాడుపడిన కొలది ఇండ్లను మాత్రము తొలగించి, అచట చెట్లు నాటిన గాలియు వెలుతురును లభించునని, వ్యయమును తగ్గునని నిరూపించెను. నీడగల ఇరుకు సందు ఎండలో నడచువారికి మేలని తెలిపెను.

ఇండోరున ప్లేగు వ్యాపించినపుడు మహారాజు ఆయనకు ఒకదినపు రాజరికమొసగెను. ఏ వీథి మిక్కిలి శుభ్రముగా నుండునో ఆ వీథి గుండ దీపావళి ఊరేగింపు సాగునని గెడ్డీస్ చాటించెను. ప్రజలు పోటీపడి తమ వీథులను శుభ్రపరచిరి. 1923లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు తగిన స్థలమును గూర్చియు ఆయన నివేదిక సమర్పించెను. 1932లో ఫ్రాన్సు దేశమున కన్నుమూసెను.

నేడు హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల వలయరహదారి కలదు. ఊరి వెలుపల పెరిగిన పెక్కు కాలనీలవారికి వాహనము లేనిదే అంగడికి పోవుట దుర్లభము. హైదరాబాదునుండి వరంగల్లు పోవు రహదారి రఘునాథపల్లి మీదుగ సాగుచున్నది. దానిపై బండ్లు పోవలెను. బడికి నడచు బాలుడును నిర్భయముగ దానిని దాటవలెను. బాట వేయువారు ముందుగా ఆ బాలునివెంట నడచి చూడవలెనని గెడ్డీస్ జీవితము మనకు బోధించుచున్నది.