నల్లద్దాల నాయుడుగారు

ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫొటో మీరు చూసే ఉంటారు. ఒళ్లో ఫిడేలు, కళ్లకు నల్లద్దాలు. ఉరవకొండ వైపు పల్లెల్లో ముప్ఫై ఏళ్లు చిన్నక్లాసుల టీచరుగా పనిచేశాను. ఆ ఫొటో పిల్లలకు చూపిస్తే పాట గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇంట్లో కూచుని కూడా తాత నల్లద్దాలు ఎందుకు పెట్టుకున్నాడని అడిగేవాళ్లే ఎక్కువ. నాకూ అదే కావాల్సింది. అక్కణ్ణుంచి కథ మొదలుపెట్టేదాన్ని.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. బెంగుళూరు అనగానే మా పిల్లల మొహాలు వెలిగేవి. వాన మొహం చాటేసి శెనక్కాయ ఎండిపోయిన ఏడాది వాళ్ల అమ్మానాన్నలు మూటాముల్లె సర్దుకుని పోయేది ఆ ఊరికే కదా! ఆయన పెరిగింది మాత్రం విశాఖపట్నంలో. ఇంట్లో సంగీతం ఉంది. అన్న వెంకటకృష్ణయ్య ఫిడేలు వాయించేవారు. తమ్ముడికి తొలిపాఠాలు చెప్పిందీ ఆయనే.

బడి దగ్గరే వచ్చింది చిక్కు. చిన్నప్పటి నుంచీ వెంకటస్వామికి చూపు మందం. చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఈ ముక్క పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటిపోతుంది. నాకు మాత్రం దాటబుద్ధి కాదు. తెలివి లేక కాదు, బద్ధకం వల్ల కాదు, కన్ను సాయం రాక ఒక పిల్లాడు బడి బయటికొచ్చేశాడు. ఆ ఇంట్లో ఫిడేలు ఉంది, నేర్పే అన్న ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఫిడేలు లేని ఇంట్లో పుట్టి ఉంటే? మా వైపు అయితే గొర్రెల వెంట పంపించేవాళ్లు. ఆడపిల్లయితే చంకలో తమ్ముణ్ణి పెట్టేవాళ్లు. చదువు అబ్బలేదనే మాట ఆ పిల్లకు జీవితాంతం అంటుకునేది.

నా క్లాసులోనే ఉండేది ఒక పాప. అమ్మానాన్న బెంగుళూరులో కట్టడం పనికి పోతే అవ్వ దగ్గర పెరుగుతోంది. పుస్తకంలో అక్షరాలు గడగడా చదివేది. బోర్డు మీద రాయమంటే పక్కపిల్ల పలకలోకి తొంగిచూసేది. కాపీ కొడుతోందని పిల్లలు ఫిర్యాదు. ముందు బెంచీలో కూచోబెట్టి చూస్తే గుట్టు తెలిసిపోయింది. కళ్ల డాక్టరు అద్దాలు రాశారు. వారం తిరిగేసరికి ఆ పాప చెప్పిన సంగతి, వేపచెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయట! అవ్వ మాత్రం పెళ్లిళ్లకూ జాతరకూ ఆ అద్దాలు తీయించి ట్రంకుపెట్టెలో దాచేది. కళ్లజోడు పిల్లను ఎవరు చేసుకుంటారని ఆమె బెంగ. ఆ బెంగ పట్నంలో చదువుకున్న తల్లులకు లేదని నేననుకోను.

తల్లులకు ఒక్క సంగతి చెప్పాలి. పిల్లలు తమకు చూపు ఆనడం లేదని చెప్పరు. లోకమంతా అందరికీ అలాగే మసకగా ఉంటుందనుకుంటారు. మనమే కనిపెట్టాలి. టీవీకి మరీ దగ్గరగా పోవడం, తల ఒక పక్కకు వంచి చూడటం, ఎండలో ఒక కన్ను మూసుకోవడం, ఊరికే కళ్లు నలపడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఒక్కో చేత్తో ఒక్కో కన్ను మూసి చూడమనండి. బాగా కనిపించే కన్ను మూసినప్పుడు పిల్ల మారాం చేస్తుంది. రెండో కన్ను మందగించినా ఒక కన్నుతో నెట్టుకొస్తారు కనుక మనకు తెలియదు. మెదడు ఆ కన్నును వాడటం మానేస్తే అదే సోమరి కన్ను అవుతుంది. ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే అద్దాలతో, మంచి కన్నుకు రోజూ కాసేపు పట్టీ వేసి చాలావరకు చూపు రాబట్టొచ్చు. ఆ తర్వాత కష్టం. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయేవాళ్లున్నారు చూడండి, వాళ్లతో వాదించకుండా పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మేలు. కంటిపాపలో తెల్లగా మెరుపు కనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

మునగాకు, బొప్పాయి, గుడ్డు పెట్టండి. విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటి రాకుండా కాపాడతాయి. అయితే దూరపుచూపు ఆనని పిల్లకు మునగాకు కళ్లజోడు పని చేయదు. ఆముదం చుక్కలు, ఆకుపసర్లు కంట్లో పోయనే వద్దు. పెట్టుకుంటే పవరు పెరుగుతుందనే భయమూ వట్టిదే. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల కంటి పరీక్షల కోసం కంటివెలుగు పథకాన్ని 2019 అక్టోబరు 10న మా అనంతపురంలోనే మొదలుపెట్టారు. వెంకటస్వామి చదువుకునే రోజుల్లో అలాంటి పరీక్ష బడి గడపలోకి వచ్చి ఉంటే ఆయన చదువు ఏ దారి పట్టేదో!

చదువు ఆగాక ఆయనకు మిగిలింది చెవి. కంటికి ఆనని నొటేషన్ చెవిలో నిలిచింది. మంచి సంగీతం వినడమే పెద్ద చదువని ఆయన నమ్మకం. గంటల తరబడి సాధన చేసేవారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల పెట్టారు. ఆ కళాశాల పుట్టుక కూడా చూపు కథే. ఆస్థానంలో ఉద్యోగం చేసే ఒకాయన కొడుక్కి కళ్లు కనిపించవు. ఆ అబ్బాయికి సంగీతం నేర్పించాలన్న తలంపుతోనే మహారాజు దానికి పూనుకున్నారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలు. నాయుడుగారు అక్కడికి విద్యార్థిగా చేరడానికి వెళితే, వాద్యం విన్నాక ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసు పాతిక దాటిందంతే. 1936లో దాసుగారి తర్వాత ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. మన సుశీలమ్మ పాఠం నేర్చిందీ ఆ కళాశాలలోనే.

అప్పటిదాకా కచేరీలో ఫిడేలుది పక్కవాద్యం పాత్ర. గాయకుడు పాడినదాన్ని వెన్నంటి పోవడమే దాని పని. ఈయన దాన్ని తెచ్చి వేదిక మధ్యలో కూచోబెట్టారు. 1938లో వేలూరులో తొలి సోలో కచేరీ చేశారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ప్రపంచమంతా మెచ్చిన వయొలినిస్టు యెహుది మెనుహిన్ మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో ఆయన వాయించగా విని ఆశ్చర్యపోయాడు. 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

వీటన్నిటికన్నా నా మనసులో నిలిచిన కచేరీ వేరే ఉంది. 1952లో ఢిల్లీలో అంధుల సహాయ సంఘం కోసం వాయించినది. చూపు చాలక చదువుకు దూరమైనవాడు చూపులేని వాళ్ల కోసం వాయించాడు.

1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. శతజయంతి ఏడాది 1993లో తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. ఆయన ఫిడేలును అందుకున్నది కూతురు మంగతాయారు. తండ్రి బాణీని ఆమె మద్రాసులో చాలామంది పిల్లలకు నేర్పారు.