నవ్వించి, బడి పెట్టిన చిలకమర్తి

‘గణపతి’ నవలతో తెలుగువారిని కడుపుబ్బ నవ్వించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1867 సెప్టెంబరు 26న నాటి గోదావరి జిల్లా, తణుకు ప్రాంతంలోని ఖండవల్లిలో మేనమామ గారింట జన్మించారు. సొంతూరు భీమవరం దగ్గరి వీరవాసరం.

చిన్ననాటి నుంచే ఆయనకు చూపు మందం. దానికి తోడు రేచీకటి. పొద్దుగూకితే పుస్తకం కనిపించదు. తోటి పిల్లలు చదువుతుంటే విని పాఠాలు వంటబట్టించుకున్నారు. అలాగే మెట్రిక్యులేషన్ గట్టెక్కి రాజమండ్రిలో ఉపాధ్యాయులయ్యారు. అక్కడ ఆయన రాసిన ‘గయోపాఖ్యానం’ నాటకం ఊరూరా ఆడింది. ఆయన నాటకాల్లో ముఖానికి రంగు పూసుకున్న కుర్రాళ్లలో ఒకరు తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనే టంగుటూరి ప్రకాశం పంతులు గారు.

నవలలోని గణపతికి చదువు అబ్బదు, గొప్పలకు మాత్రం కొదవలేదు. అటువంటివాడు చివరకు బడిపంతులవుతాడు! చదివినవారికి సొంత ఊళ్లో ఎవరో ఒకరు గుర్తుకు రాక మానరు.

అయితే బడి సంగతి చిలకమర్తి వారికి నవ్వులాట కాదు. అంటరానితనం గట్టిగా పాటించే ఆ రోజుల్లో, 1909లో, దళిత బాలల కోసం రాజమండ్రిలో రామమోహన పాఠశాల స్థాపించి, కొన్నేళ్లపాటు నడిపారు.

చూపు పూర్తిగా పోయినా పని మానలేదు. జ్ఞాపకం మీదే స్వీయచరిత్ర చెప్పి రాయించారు. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’తో గౌరవించింది. 1946 జూన్ 17న కన్నుమూశారు. కళ్లున్నవారు చూడనొల్లని పిల్లలను చేరదీసిన ఆ పంతులు గారిని ఈ ప్రాంత ప్రజలు మరువరాదు.