పాల్ ఫిట్సుగారి చరిత్రము

విమానము కూలినప్పుడెల్ల నడపినవానిదే తప్పని వ్రాసి విచారణ ముగించుట ఒకప్పటి వాడుక. ఆ వాడుకను ప్రశ్నించిన మనశ్శాస్త్రజ్ఞుఁడగు పాల్ ఫిట్సుగారి చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగాఁ దెలుపఁ దలఁచితిమి.

ఆయన 1912వ సంవత్సరమున అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమందు మార్టిన్ అను పట్టణమున జన్మించెను. 1938లో రాచెస్టరు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొందెను. 1945 మొదలు ఒహాయో రాష్ట్రమునందలి రైటు ఫీల్డు అను వైమానికస్థానమున మనశ్శాస్త్ర శాఖకు అధిపతిగా నుండెను.

అచ్చట ఆయనయు, రిచర్డు జోన్సు అను సహచరుఁడును వైమానికులనే పిలిచి, మీటలు త్రిప్పుటలో జరిగిన పొరపాట్లను దాఁచక చెప్పుఁడని యడిగిరి. 460 వృత్తాంతములు చేరినవి. 1947లో వెలువడిన నివేదికనుబట్టి, వానిలో సగము ఒక మీటకు మాఱుగా వేఱొకదానిని పట్టుకొనుటవలనఁ గలిగినవే. కారణ మరయుదము. బి-25 విమానమున ఎడమనుండి కుడికి వరుసగా ఇంజను వేగపు మీట, ప్రొపెల్లరు మీట, ఇంధన మిశ్రమపు మీట యుండెను. సి-47లో ప్రొపెల్లరు మీటయే మొదటిది. సి-82లో మిశ్రమపు మీట మొదటిది. ఒక విమానమున అలవడిన చేయి వేఱొక విమానమందును ఆ చోటికే పోవును గదా! నేల సమీపించుచుండఁగా అట్లు పోయినచో ప్రాణములే పోవచ్చును. పరీక్షలో పలువురు బాలురు ఒకే ప్రశ్నకుఁ దప్పు వ్రాసినయెడల ముందుగాఁ బ్రశ్నపత్రమును మఱల చదువుఁడని ట్రెయినింగు కళాశాలలో మాకు బోధించిరి. ఫిట్సుగారు చేసినదియు నిట్టిదే. దోషులని పేరుపడినవారినే సాక్షులనుగాఁ జేసికొనుట మాకు మిక్కిలి నచ్చినది.

1951లో ఆయన సంపాదకత్వమున విమానముల రాకపోకలను గూర్చిన నివేదిక యొకటి వెలువడెను. మనుష్యుఁడు మిన్నగాఁ జేయు పనులు, యంత్రము మిన్నగాఁ జేయు పనులు అని యందు రెండు పట్టికలు గలవు. అనుకొననిది తటస్థించినప్పుడు ఉపాయము పన్నుట మనుష్యునిది. విసుగులేక ఒకే పనిని మఱల మఱల చేయుట యంత్రముది. యంత్రములు పెరిగిన ఈ దినములలో ఆ పట్టికలు కొంత చెల్లవు. ప్రశ్న మాత్రము చెల్లును. 1954లో, గుఱి దూరమైనకొలఁదియుఁ జిన్నదైనకొలఁదియు దానిని చేరుటకుఁ జేతికిఁ బట్టు కాలమెట్లు పెరుగునో సూత్రముగాఁ గట్టెను. ఆ సూత్రము ఆయన పేరనే ప్రసిద్ధము. పిమ్మట మిచిగను విశ్వవిద్యాలయమునఁ బనిచేయుచు, 1965లో 52 ఏండ్ల ప్రాయముననే మరణించెను.

హెలికాప్టరునుండి డ్రోనును నడుపుట ఆయన యెఱుఁగఁడు. నేఁడు అమెరికా సైన్యపు అపాచీ హెలికాప్టరులలో నొక రకమునందు, ముందువెనుకలఁ గూర్చున్న యిద్దఱే తమ వాహనమును నడుపుకొనుచు, దూరమున నెగురు డ్రోను పంపు చిత్రమును జూచి, దాని దారినిఁ గూడ మార్పఁగలరు. చెట్లకొనలను రాయునంత క్రిందుగాఁ బోవువేళ కన్ను తెరకు అంటుకొనినచో ఎదుటి విద్యుత్తీఁగ కనఁబడదు. అదిరెడి వాహనములోఁ దొడుగు వేసికొనిన వ్రేలు చిన్న బొత్తామును తప్పును. డ్రోనుకు ఏ పని విడువవలెను, ఏది మనుష్యుని చేత నుంచవలెను, బొత్తాము ఎంత పెద్దదిగా నుండవలెను, ఏ వాహనమందైనను అది అదేచోట నుండవలెనా అని ఆ గదిని కల్పించువారు నేఁటికిని విచారించుచున్నారు.